వాహినీ స్టూడియో విజయా వాళ్ల చేతికి ఎట్లా పోయింది?

కడప నుంచి ప్రశ్న:
అన్నా, మన జిల్లా సినిమావాళ్ల గురించి మా కాలేజీలో మాట్లాడాలి. 1951లో వచ్చిన మల్లీశ్వరి వాహినీ వాళ్లది, అదే ఏడాది వచ్చిన పాతాళభైరవి విజయా వాళ్లది. ఒకటి అన్న బి.ఎన్. రెడ్డి గారిది, ఇంకోటి తమ్ముడు నాగిరెడ్డి గారిది. మరి తర్వాత విజయా-వాహినీ అని ఒకే స్టూడియో పేరు వినిపిస్తుందేంటి? అన్న కంపెనీని తమ్ముడు కొనేశాడా?

ప్రొద్దుటూరు నుంచి జవాబు:
కంపెనీ వేరు, స్టూడియో వేరు తమ్ముడూ, అక్కడే అందరూ తికమక పడతారు. వాహినీ 1939లో వందేమాతరంతో మొదలై బాగా పేరు తెచ్చుకుంది, ఆ ఊపులోనే మద్రాసు వడపళనిలో సొంత స్టూడియో కట్టుకున్నారు. స్టూడియో అంటే ఫ్లోర్లు, కెమెరాలు, ల్యాబు, షూటింగ్ ఉన్నా లేకపోయినా ఇవ్వాల్సిన జీతాలు. బి.ఎన్. గారేమో నిదానంగా చెక్కే మనిషి, 1945లో స్వర్గసీమ తర్వాత ఆయన డైరెక్ట్ చేసిన సినిమా మళ్లీ మల్లీశ్వరే. మధ్యలో కె.వి. రెడ్డి గారు యోగివేమన, గుణసుందరి కథ తీశారు కానీ అన్ని ఫ్లోర్లకు ఆ పని ఏం సరిపోతుంది? ఇబ్బందుల్లో పడ్డాక నాగిరెడ్డి గారు ముందు లీజుకు తీసుకున్నారు, తర్వాత సొంతం చేసుకున్నారు. విజయా వాళ్లు తెలుగుతో పాటు తమిళంలో కూడా తీసేవాళ్లు, బయటివాళ్లకు ఫ్లోర్లు అద్దెకిచ్చేవాళ్లు, అందుకే నిలబడింది.

పులివెందుల నుంచి జవాబు:
నన్నడిగితే స్టూడియో కంటే మనుషులు వెళ్లడమే పెద్ద విషయం. పాతాళభైరవి డైరెక్టర్ కె.వి. రెడ్డి, కెమెరామన్ మార్కస్ బార్ట్లే, ఇద్దరూ అంతకుముందు వాహినీలో పనిచేసినవాళ్లే. అట్లాగని మింగేశారు అనకండి, బాధేస్తుంది. వాహినీ పేరు మీదే బి.ఎన్. గారు 1966లో రంగులరాట్నం తీశారు.

తాడిపత్రి నుంచి జవాబు:
మా ఊరి మూలా నారాయణస్వామి గారిని ఒక్కరూ తలుచుకోలేదు! వాహినీకి డబ్బు పెట్టింది ఆయన, స్టూడియో వెనక ఉన్నదీ ఆయనే. ఆయన వ్యాపారం దెబ్బతినడం వల్లే స్టూడియో చేతులు మారే పరిస్థితి వచ్చింది. కె.వి. రెడ్డి గారిదీ మా తాడిపత్రే, డైరెక్టర్ కాకముందు వాహినీలో ప్రొడక్షన్ లెక్కలు చూసేవాడు. అన్నదమ్ములిద్దరికీ ఫాల్కే అవార్డు వచ్చింది, 1974కి అన్నకు, 1986కి తమ్ముడికి, చాలా సంతోషం. కానీ డబ్బు పెట్టి నష్టపోయినాయన పేరు ఎవరూ ఎత్తరు. కాలేజీలో మాట్లాడేటప్పుడు దయచేసి ఆయన గురించి రెండు నిమిషాలైనా చెప్పు తమ్ముడూ.