‘తుంగ’ అంటే ఏ మొక్క? నర్సరీ వాళ్ళ ‘అంబ్రెల్లా పామ్’ని తెలుగులో ఏమనాలి?

అడిగినవారు:
బడి తోటకు పేరు పలకలు రాస్తున్నాం. పెద్ద అక్షరాల్లో మొక్క పేరు, దాని కింద ఒకే ఒక్క వాక్యంలో ఎలా చూసుకోవాలో. మందారం, నందివర్ధనం, గన్నేరు దాకా చిక్కు లేదు. నీళ్ళ తొట్టి పక్కనున్న మొక్క దగ్గర ఆగాం. నడుమెత్తు పచ్చటి కాడలు, ఒక్కో కాడ కొసన గొడుగు ఊచల్లా చుట్టూ విచ్చుకున్న సన్నటి ఆకులు. నర్సరీ చీటీ మీద ‘అంబ్రెల్లా పామ్’ అని ఉంది. ‘గొడుగు తాటి’ అనాలా, ‘గొడుగు గడ్డి’ అనాలా? ఇది తుంగ అని ఒకరన్నారు. అలాగైతే ‘తుంగలో తొక్కారు’ అనే మాటలో ఉన్నదీ ఇదేనా, లేక అది తుంగభద్రా? ఇంకో సంగతి, కుండీలో పెట్టినవాటికి కొసలు ఎండిపోతున్నాయి.

నర్సరీ రైతు:
తాటి అని మాత్రం రాయకండి. ఇది తుంగే. ‘పామ్’ అనే చీటీ వల్లే ఈ మొక్కలు సగం చస్తున్నాయి. ఆ మాట చదివినవారు అరెకా పామ్‌ని చూసుకున్నట్టే చూసుకుంటారు. అడుగున చిల్లులున్న కుండీ, ఎర్రమట్టి, ఇసుక, రెండు మూడు రోజులకోసారి నీళ్ళు. అరెకాకి అది సరిపోతుంది. దీనికి వేళ్ళు తడిలో కాదు, నీళ్ళలోనే ఉండాలి. మే నెలలో రెండు రోజులు మట్టి ఆరితే చాలు, గొడుగులు కొసల నుంచి గోధుమరంగుకి తిరుగుతాయి. తుంగ అని రాసి ఉంటే చెరువుగట్టు తెలిసినవారెవరూ దాన్ని ఎండబెట్టరు.

తెలుగు మాస్టారు:
‘గడ్డి’ అంటే తప్పనలేం, ‘తుంగ గడ్డి’ అనే వాడుక కూడా ఉంది. కానీ మన రైతుల మాటలో అంతకన్నా ఖచ్చితమైన విభజన ఉంది. వరిలో కలుపు గురించి చెప్పేటప్పుడు మూడుగా విడదీస్తారు: గడ్డిజాతి, తుంగజాతి, వెడల్పాకు కలుపు. ఊద, ఒడిపిలి గడ్డిజాతివి. తుంగ, రాకాసి తుంగ తుంగజాతివి. గుంటగలగర వెడల్పాకుది. ఈ విభజన మాటకోసం పుట్టింది కాదు. గడ్డిజాతిని చంపే మందు చాలాసార్లు తుంగజాతిని ఏమీ చేయలేదు, అందుకే విడిగా పేరు పెట్టుకోవలసి వచ్చింది. వృక్షశాస్త్రంలోని సైపరేసి అనే కుటుంబానికి తెలుగులో మాట వెతుక్కోనక్కర్లేదు, ‘తుంగజాతి’ అని ఎప్పుడో ఉంది. ‘రాకాసి తుంగ’ అనే పేరు ఉన్నప్పుడు ‘గొడుగు తుంగ’ కూడా అదే అచ్చులో చక్కగా పడుతుంది. నా ఓటు దానికే.

అడిగినవారు:
గడ్డికీ తుంగకీ తేడా పిల్లలకు చూపించాలంటే ఎలాగండి?

నర్సరీ రైతు:
చేతితోనే చూపించవచ్చు. పొలంగట్టు మీది మామూలు తుంగ కాడ ఒకటి తెంపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించండి. గుండ్రంగా దొర్లదు, మూడు అంచులు వేలికి తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగా దొర్లుతుంది, మధ్య మధ్య కణుపులు తగులుతాయి. తుంగ కాడకి అడుగు నుంచి తల దాకా కణుపే ఉండదు. గొడుగు తుంగ కాడ కింద దాదాపు గుండ్రమే, గొడుగు దగ్గరికి వచ్చేసరికి మొద్దుగా మూడు మూలలు తేలతాయి, కాబట్టి పైభాగంలో చూడండి. తర్వాత బ్లేడుతో అడ్డంగా కోసి చూపించండి. లోపల వెదురులా గుల్ల ఉండదు. స్పాంజిలాంటి తెల్లటి బెండు నిండుగా ఉంటుంది. ఆ బెండులోని గాలి గదుల గుండానే నీళ్ళలో మునిగిన వేళ్ళకి గాలి అందుతుంది. వేరే మొక్కల వేళ్ళు కుళ్ళిపోయే చోట ఇది హాయిగా ఉండేది అందుకే.

గొడుగు ఊచల్లా కనిపించేవి అసలు ఆకులు కావు, పూగుత్తి కింది పత్రాలు. అసలు ఆకులు కాడ మొదట్లో గోధుమరంగు తొడుగులుగా కుదించుకుపోయి ఉంటాయి. పచ్చటి కాడా ఆ పత్రాలే ఆహారం తయారు చేస్తాయి.

తెలుగు మాస్టారు:
కణుపు లేకపోవడమనే సంగతితోనే రెల్లునీ, ఆకుని బట్టి జమ్మునీ కూడా వేరు చేయవచ్చు. రెల్లు గడ్డిజాతి, కణుపులుంటాయి. జమ్ము రెండూ కాదు, కత్తిలాంటి బల్లపరుపు ఆకులు, కాడ చివర గోధుమరంగు కండె. చెరువులో కలిసి పెరుగుతాయి కనుక ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టేస్తుంటారు. దర్భ కూడా గడ్డిజాతే.

ఇక తుంగభద్ర. సంస్కృతంలో ‘తుంగ’ అంటే ఎత్తైనది. ‘ఉత్తుంగ తరంగం’ అన్నప్పుడు వినిపించేది ఆ మాటే. తుంగ, భద్ర అనే రెండు నదులు శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలిసి తుంగభద్ర అవుతాయి. మన మొక్క పేరు దేశ్యం. కన్నడంలో కూడా ‘తుంగె’ అంటారు. తమిళంలో మాత్రం ‘కోరై’. తిరునెల్వేలి వైపు పత్తమడై చాపలు ఆ కోరైతోనే నేస్తారు, మన తుంగచాపకి చుట్టాలన్నమాట.

‘తుంగలో తొక్కు’లో నది లేదని చెప్పడానికి క్రియ ఒక్కటి చాలు. నదిని తొక్కరు. నది జాతీయం కావాలంటే మనకి ‘గంగలో కలపడం’ వేరే ఉంది, అక్కడ క్రియ ‘కలుపు’. ‘తొక్కు’ బురదకి సంబంధించిన క్రియ. అడుసు తొక్కుతాం, మన్ను తొక్కుతాం, ఎరువుగా వేసే పచ్చిరొట్టని దమ్ములో, అంటే నాట్లకి ముందు బురదగా దున్నిన మడిలో తొక్కుతాం. దమ్ములో తొక్కిన రొట్ట కంటికి కనపడదు, మట్టిలో కలిసిపోతుంది. చెరువు అంచున తుంగ మొలిచిన చోట నేల అలాంటిదే, పైన పచ్చగా దట్టంగా, కింద మోకాలి లోతు బురద. అందులో ఏది తొక్కినా మళ్ళీ చేతికి దొరకదు. మాట ఇచ్చి, ఆ మాటే లేనట్టు చేయడం అదే కదా. ‘బురదలో’, ‘గడ్డిలో’ అన్నట్టే ‘తుంగలో’ అని ఏకవచనంలో వాడటం కూడా అది గుంపుగా పెరిగేదని చెబుతోంది.

వాడుకలో ఒక పట్టింపు ఉంది. నిబంధనలు, హామీలు, తీర్పులు, హక్కులు, ఆదేశాలు వీటినే తుంగలో తొక్కుతారు. మనుషుల్ని కాదు. ‘రైతుల్ని తుంగలో తొక్కారు’ అని రాస్తే చెవికి తగులుతుంది, అక్కడ ‘అణగదొక్కారు’ ఉండాలి.

ఇంకొక సభ్యురాలు:
దీనికి ఒక ముక్క కలుపుతాను. నైలు నది ఒడ్డున పెరిగే పపైరస్ కూడా తుంగజాతిదే, మన గొడుగు తుంగకి నిలువెత్తు అక్క. 4 మీటర్లు దాటి పెరుగుతుంది, తల మీద గొడుగు బదులు దారాల కుచ్చు. ఈజిప్టులో దాని బెండుని పలకలుగా చీల్చి, ఒక వరస నిలువుగా, మీద ఒక వరస అడ్డంగా పరిచి, తడిగా ఉండగానే అదిమి ఆరబెట్టి, దాని మీద రాసేవారు. ఆ మొక్క పేరే లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషుల మీదుగా మన ‘పేపరు’ అయింది. కాగితం మాత్రం పారశీకం వైపు నుంచి వచ్చిన మాట. అంటే రోజూ పేపర్లో చదివే ‘తుంగలో తొక్కారు’లో తుంగ రెండుసార్లు ఉంది.

అడిగినవారు:
చాలా సంతోషం. పేరు ‘గొడుగు తుంగ’ అని ఖాయం చేస్తున్నాం. ఇప్పుడు కొసలు ఎండటం సంగతి, ఇంకో నాలుగు మొక్కలు చేసుకోవడం సంగతి చెప్పండి.

నర్సరీ రైతు:
ముందు కుండీ. చిల్లు లేని 12 అంగుళాల వెడల్పు తొట్టి మేలు. చిల్లున్న కుండీయే ఉంటే దాన్ని తీసుకెళ్ళి ఇంకో టబ్బులో పెట్టండి. మట్టి పాళ్ళు: చెరువు మట్టి గానీ నల్లమట్టి గానీ 2 భాగాలు, ఇసుక 1 భాగం, బాగా మాగిన పశువుల ఎరువు అర భాగం. పచ్చి ఎరువు వేస్తే నీళ్ళ కింద కుళ్ళి బుడగలు లేస్తాయి, కంపు కొడుతుంది, వేళ్ళు నల్లబడతాయి. కొబ్బరిపొట్టు వాడకండి, నీళ్ళు పోయగానే తేలిపోయి మొక్క పక్కకి వాలుతుంది. పైన 2 సెంటీమీటర్ల మందాన గులకరాళ్ళు పరచండి.

నీళ్ళు మట్టి మీద 2 నుంచి 5 సెంటీమీటర్లు నిలిస్తే బాగుంటుంది. అలా నిలవ ఉంచితే దోమలు గుడ్లు పెడతాయి. పెద్ద తొట్టి అయితే నాలుగు గప్పీ చేపలు వేయండి. బడి కాబట్టి ఇంకో ఉపాయం: గులకరాళ్ళ మందం 5 సెంటీమీటర్లకు పెంచి, నీటి మట్టం రాళ్ళ పైఅంచుకి ఒక వేలి మందం కింద ఉండేలా పోయండి. వేళ్ళకి నీళ్ళుంటాయి, దోమకి నీళ్ళు కనపడవు.

కొసలు ఎండటానికి మొదటి కారణం పైన చెప్పిన ఎండగట్టడం. రెండోది బోరు నీళ్ళలోని ఉప్పు. తొట్టి అంచు చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంటే అదే అనుకోండి. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది, మనం మళ్ళీ అవే నీళ్ళు పోస్తాం. చిల్లు లేని తొట్టిలో అది బయటికి పోయే దారి లేదు. నెలకోసారి తొట్టి వంచి పాత నీళ్ళు పారబోసి, రెండుసార్లు కడిగినట్టు పోసి వంపేయండి. స్టాఫ్ రూమ్‌లో ఏసీ ఉంటే దాని పైపు కింద బకెట్ పెట్టండి. ఆ నీళ్ళలో ఉప్పు దాదాపు ఉండదు, ఈ మొక్కకి చాలా మంచివి. మూడోది వడగాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటికి మార్చండి. మరీ చీకటి మూలలో పెట్టినా తప్పే, కాడలు సన్నగా సాగి వాలిపోతాయి.

ఎండిన కొసని కత్తెరతో కత్తిరిస్తే చూడటానికి బాగుంటుంది అంతే. కాడంతా పసుపెక్కితే మొదటికంటా కోసేయండి. సగానికి కోసి వదిలితే అక్కడి నుంచి చిగురు రాదు, మొండెం నిలబడి ఎండుతుంది. కొత్త కాడలు మట్టిలోని దుంప నుంచే లేస్తాయి.

పత్రాల మీద తెల్లటి సన్న చుక్కలు, కింద సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే ఎర్రనల్లి. గట్టిగా నీళ్ళు కొట్టి కడగండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. తొట్టిలో చేపలుంటే ముందు తీసేయాలి. కాడ మొదట్లో తొడుగుల సందున దూదిలా ఉంటే పిండినల్లి, పాత బ్రష్షుతో తోమి తీసేయవచ్చు.

అడిగినవారు:
కాడ ముక్కలు కోసి మట్టిలో గుచ్చాం. నాలుగూ కుళ్ళాయి.

నర్సరీ రైతు:
కుళ్ళక తప్పదండి. మాస్టారు చెప్పిన కణుపు సంగతే ఇక్కడా. కాడకి కణుపులు లేవు, కణుపు లేని చోట మొగ్గ లేదు, మొగ్గ లేని చోట మొక్క రాదు. మొగ్గలన్నీ గొడుగు మధ్యలో, పత్రాలు కలిసే చోట ఉంటాయి. అందుకే దీన్ని తలకిందులుగా నాటాలి.

ముదిరిన, పచ్చగా ఉన్న కాడ ఎంచుకోండి. గొడుగు కింద 5 సెంటీమీటర్ల కాడ ఉంచి కోయండి. పత్రాలను సగానికి కత్తిరించండి, లేకపోతే నీళ్ళలో కుళ్ళే ఆకు ఎక్కువవుతుంది. వెడల్పాటి గాజు సీసాలో నీళ్ళు పోసి, గొడుగు నీళ్ళలోకి, కాడ ముక్క పైకి ఉండేలా బోర్లా వదలండి. ఎండ నేరుగా పడని వెలుతురులో పెట్టండి, రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చండి. 2 నుంచి 4 వారాల్లో పత్రాల సందుల్లోంచి తెల్లటి వేళ్ళు, వాటి పక్కనే ముల్లులాంటి పచ్చటి పిలకలు వస్తాయి. గాజు సీసా అయితే పిల్లలు రోజూ చూడవచ్చు. పిలక 8 సెంటీమీటర్లు అయ్యాక, వేళ్ళు కిందికి, పిలక పైకి ఉండేలా తడి మట్టిలో నాటండి. చెరువు ఒడ్డున ముదిరిన కాడ వంగి తల నీళ్ళకి తగిలినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే.

తొందరగా కావాలంటే దుబ్బు విడదీయడం ఉంది. రెండు మూడేళ్ళకి దుబ్బు నడిమి భాగం ముసలిదైపోయి బోసిపోతుంది. బయటకి తీసి, పదును కత్తితో నాలుగుగా కోసి, అంచుల్లోని లేత పిలకలున్న ముక్కలు నాటి, నడిమిది పారేయండి. పారేసేది చెరువులోకో కాలువలోకో కాదు. ఇది మడగాస్కర్ వైపు నుంచి వచ్చిన మొక్క, నీళ్ళు దొరికితే ఆగదు. ఎండబెట్టి కంపోస్టులో వేయండి.

డాలస్ నుంచి:
ఇక్కడ చలికాలం బయట ఉంచవచ్చా?

నర్సరీ రైతు:
మంచు పడితే పైభాగమంతా పోతుంది. 10 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగక ముందే లోపలికి తెచ్చుకోండి, దక్షిణపు కిటికీ దగ్గర. హీటరు గాలి నేరుగా తగిలితే అక్కడి వడగాలి అదే, కొసలు ఎండుతాయి. ఎదుగుదల ఆగిన నెలల్లో ఎరువు వేయకండి.

తెలుగు మాస్టారు:
పిల్లలకి ఇంకొక చిన్న మాట కూడా చెప్పండి. తుంగముస్త అంటే వేరే తుంగ, దాని గడ్డ మందుల్లో వాడతారు, సంస్కృతంలో ముస్త, భద్రముస్త. పొలంలో అది మొండి కలుపు, పీకితే తల ఊడివస్తుంది, గడ్డ నేలలోనే ఉండిపోతుంది. గొడుగు తుంగ గడ్డ మందు కాదు, రెండూ ఒకటే అనుకుని ఎవరూ నోట పెట్టకూడదు.

అడిగినవారు:
పలక మీద ఇలా రాశాం, సరిచూడండి: ‘గొడుగు తుంగ. వేళ్ళు ఎప్పుడూ నీళ్ళలో ఉండాలి.’

తెలుగు మాస్టారు:
బాగుంది. ‘తుంగ’ అన్న తర్వాత రెండో వాక్యం అక్కర్లేదు గానీ, పిల్లలకి చెరువుగట్టు దూరమైంది కాబట్టి ఉంచండి.