ఇంగ్లీష్ స్పెల్లింగ్: మాట పుట్టుక చెప్పాలా, బట్టీ పట్టించాలా?

పటమట నాన్న:
మా పాప ఆరో తరగతి. ట్యూషన్ మేడమ్ ఒక్కో మాట పక్కన "గ్రీకు", "ఫ్రెంచి" అని రాయిస్తున్నారు. ఈ వయసులో అదంతా ఎందుకండీ? మాట పదిసార్లు రాస్తే వచ్చేస్తుంది, మనకి అలాగే వచ్చింది. ఇక్కడ టీచర్లుంటే చెప్పండి.

బ్రాడీపేట టీచర్:
పదిసార్లు రాస్తే ఆ ఒక్క మాటే వస్తుందండీ. పుట్టుక తెలిస్తే దాని చుట్టాలన్నీ వస్తాయి.

సి, హెచ్ జంటనే చూడండి. చైల్డ్, చిన్ పాత ఇంగ్లీషు మాటలు, అందుకే "చ". 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి మాటలు వచ్చిపడ్డాయి. అప్పట్లో ఫ్రెంచివాళ్లూ ఆ జంటని "చ" అనే పలికేవారు, కాబట్టి చెయిర్, చీఫ్ అలాగే నిలిచాయి. తర్వాత ఫ్రెంచిలో ఆ ధ్వని "ష" అయింది. ఆలస్యంగా వచ్చిన షెఫ్, మెషీన్ ఆ "ష"తోనే వచ్చాయి. అసలు చీఫ్, షెఫ్ ఒకే ఫ్రెంచి మాట, రెండు కాలాల్లో రెండుసార్లు వచ్చింది! ఇక స్కూల్, కెమిస్ట్రీ, కోరస్ గ్రీకువి, వాటిలో "క".

గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రుల బోర్డులు చదువుతూ నడవండి. సైకియాట్రీలో మొదట పలకని పి, తర్వాత ఐ బదులు వై, "క" కోసం సి.హెచ్. మూడూ గ్రీకు ఆనవాళ్లే. ఇవి తెలిసిన పిల్లకి సైకాలజీ కోసం మళ్లీ పదిసార్లు రాసే పని ఉండదు.

గవర్నర్‌పేట ప్రూఫ్‌రీడర్:
నేను ఒప్పుకోను మేడమ్. పుట్టుక చూపించాలన్న పంతమే ఆ స్పెల్లింగులు కొన్నిటిని పాడుచేసింది. ఐలండ్‌లో ఎస్ ఎందుకుంది? అది పాత ఇంగ్లీషు మాట, అందులో ఎస్ లేనే లేదు. లాటిన్ "ఇన్సులా"తో సంబంధం అంటగట్టి తర్వాత ఇరికించారు. డెట్, డౌట్ ఫ్రెంచి నుంచి బి లేకుండానే వచ్చాయి. లాటిన్ మూలం కనబడాలని పండితులు బి చేర్చారు. నోరు మాత్రం మారలేదు.

ఇక నీ (మోకాలు), నైట్ (యోధుడు) మాటల ముందున్న పలకని కె. అవి ఎక్కణ్ణుంచో వచ్చినవి కావు, సొంత మాటలు. ఒకప్పుడు కె పలికేవారు, జర్మన్లు మోకాలిని ఇప్పటికీ "క్నీ" అనే అంటారు. 1476లో కాక్స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. స్పెల్లింగులు ముద్రణలో గట్టిపడుతున్న కాలంలోనే వవెల్స్ పలికే తీరు మారుతోంది. అంతకుముందు నేమ్‌ని దాదాపు మన "నామ" లాగా పలికేవారు. కాగితం మీద పాతది ఉండిపోయింది, నోట్లో కొత్తది వచ్చింది. దీనికి గ్రీకు, లాటిన్ నోట్సు ఏం చేస్తుంది?

బ్రాడీపేట టీచర్:
ఐలండ్ విషయంలో మీరన్నది నిజం, అది పండితుల పొరపాటే. కానీ డెట్ పక్కన డెబిట్ పెట్టండి. బ్యాంకు పాస్‌బుక్కులో రోజూ చూసే మాట, అందులో బి పలుకుతాం. సైన్‌లో పలకని జి, సిగ్నల్‌లో, సిగ్నేచర్‌లో పలుకుతుంది. ఈ జంటలు చూపిస్తే పిల్లలు ఆ అక్షరం మళ్లీ వదలరు. నా తరగతిలో చూస్తూనే ఉన్నాను.

లక్ష్మీపురం తెలుగు మాస్టారు:
మన చ కూడా ఒకటి కాదండీ. చలి, చాప, చుక్క అనండి, నాలుక పళ్ల వెనక తగులుతుంది. చంద్రుడు, చరిత్ర, చక్రం అనండి, నాలుక ఇంకాస్త పైకి పోతుంది. మొదటివి తెలుగు, తర్వాతవి సంస్కృతం. పాత పుస్తకాల్లో మొదటి రకానికి ౘ అని వేరే గుర్తుండేది. ఇప్పుడు ఒకే అక్షరం రాస్తాం. అయినా ఇంట్లో తెలుగు విని పెరిగిన పిల్లలు తడబడరు. పుట్టుకని బట్టి పలుకు మారడం మనకి కొత్తేం కాదు.

ఫ సంగతీ అంతే. ఫలం అన్నప్పుడు అది వత్తు ప. ఇప్పుడు చాలామంది ఫ్యాన్‌లో లాగా పలుకుతున్నారు. గ్రీకువాళ్లదీ మొదట వత్తు ప ధ్వనే. అది విని రోమన్లు పి పక్కన హెచ్ రాసుకున్నారు. తర్వాత గ్రీకులో పలుకు మారిపోయింది, రాత అలాగే ఉండిపోయింది. ఫార్మసీ, ఫోటో మాటల్లో పి.హెచ్. అక్కణ్ణుంచి వచ్చిందే. ఈ పోలిక చెబితే ఆరో తరగతి పిల్లకి చక్కగా అర్థమవుతుంది. తెలుగు పీరియడ్‌లోనే చెప్పొచ్చు.

పటమట నాన్న:
బాగుంది మాస్టారూ. కానీ డిక్టేషన్‌లో ఎక్కువగా తప్పేవి సెడ్, వన్, టూ లాంటి చిన్న మాటలే.

గవర్నర్‌పేట ప్రూఫ్‌రీడర్:
అదే నా మాట కూడా. ముందు అవి చేత్తో రాయించాలి. పుట్టుక పై తరగతుల్లో చూసుకోవచ్చు. మేడమ్, కర్నల్ మాటకి ఏ నోట్సు రాయిస్తారు? స్పెల్లింగులో రెండు ఎల్‌లు, పలుకులో మొదటి ఎల్ బదులు ఆర్.

బ్రాడీపేట టీచర్:
చిన్న మాటలు బట్టీయే, అందులో గొడవ లేదు. కానీ పై తరగతుల దాకా ఆగను. ఆరులో సైన్స్ పుస్తకం తెరిస్తే ఫోటోసింథసిస్ ఎదురవుతుంది. కర్నల్‌కి మూలం ఇటాలియన్ మాట, అందులో రెండూ ఎల్‌లే. ఫ్రెంచిలో మొదటి ఎల్ ఆర్ అయింది. ఇంగ్లీషువాళ్లు రెండు రూపాలూ కొంతకాలం వాడి, చివరికి రాతకి ఎల్‌నీ పలుకుకి ఆర్‌నీ ఉంచుకున్నారు. ఈ కథ చెప్పాకే నా పిల్లలతో ఆ మాట రాయిస్తాను.