ఎముక కోసే చేతి పనిముట్లు: ఏవి కొనాలి, పదును ఎలా నిలుపుకోవాలి?

ఆర్థో పీజీ, 2వ ఏడాది
అందరికీ నమస్కారం. మా సీనియర్ సార్ సొంత ఊళ్ళో చిన్న నర్సింగ్ హోమ్ పెడుతున్నారు. చేతి పనిముట్ల లిస్టు రాసే పని నా మీద పడింది. పవర్ సా, డ్రిల్లు ఆయనే చూసుకుంటారు. నేను చూడాల్సినవి నిబ్లర్లు (ఎముకను ముక్కముక్కగా కొరికేవి), బోన్ కట్టర్, ఆస్టియోటోములు (ఎముక చీల్చే ఉలులు), కురెట్లు (గోకి తీసే చెంచాలు), గిగ్లీ తీగ (ఎముక కోసే రంపపు తీగ). కోఠీలో రెండు సర్జికల్ షాపులు తిరిగాను. చూపుకి ఒకేలా ఉన్న నిబ్లర్ ఒక షాపులో ఒక ధర, పక్క షాపులో దానికి నాలుగు రెట్లు. రెండూ తళతళలాడుతున్నాయి. ఇద్దరూ "జర్మన్ స్టీలు సార్" అనే అన్నారు. తేడా ఎలా కనిపెట్టాలి?

ఇంకోటి. నేను పనిచేసే థియేటర్లో నిబ్లర్ ఎముకను కొరకదు, నములుతుంది. చివరికి మెలితిప్పి లాగాల్సి వస్తోంది. కొత్తవాటికీ అదే గతి పట్టకూడదని నా టెన్షన్.

కరీంనగర్ ఆర్థో
తమ్ముడూ, "జర్మన్ స్టీలు" అన్న మాటని చెవిలో వేసుకోకు. ఈ సరుకుకి పేరున్న ఊళ్ళలో జర్మనీలోని టుట్లింగెన్ ఒకటి, పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఇంకోటి. రెండుచోట్లా మంచివి ఉన్నాయి. ఊరి పేరు చెక్కినంత మాత్రాన అక్కడిదని నమ్మకం లేదు.

షాపుకి చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళు. కోసే పనిముట్టుకి 420 గ్రేడు లాంటి, వేడిచేస్తే గట్టిపడే స్టీలు కావాలి, దానికి అయస్కాంతం అంటుకుంటుంది. 304 రకాన్ని వేడిచేసి గట్టిపరచలేం, అందుకే ఆ అంచు నిలవదు. అయితే అయస్కాంతం అంటుకుంది కదా అని కొనేయకు. సరిగ్గా వేడి పెట్టని 420 కూడా అంటుకుంటుంది.

తర్వాత నిబ్లర్ మూతి మూసి ట్యూబ్‌లైటుకి ఎదురు పట్టు. అంచుల మధ్య ఒకవైపే వెలుతురు కనబడితే పక్కన పెట్టేయ్. జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి ఒక్క కొరుకు కొరికించు. ముక్క శుభ్రంగా ఊడి పడాలి. కార్డు నలిగి వేలాడితే రేపు డ్యూరా (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొర) పక్కన కూడా అదే చేస్తుంది. పెద్ద ఎముకలకు రెండు కీళ్ళున్న డబుల్ యాక్షనే తీసుకో. తక్కువ బలంతో పని అవుతుంది, చెయ్యి వణకదు.

థియేటర్ సిస్టర్
డాక్టర్ గారూ, కొనడం గురించి సార్ చెప్పారు. నేను 19 ఏళ్ళుగా ట్రేలు సర్దుతున్నాను. ఒక్కటి అడుగుతాను. కేసు అయిపోయాక మీ నిబ్లర్ ఎక్కడ ఉంటుంది? సెలైన్ గిన్నెలో అయితే ఎంత ఖరీదుది కొన్నా ఒకటే.

ఒక రాత్రి వరసగా మూడు ఫ్రాక్చర్ కేసులు. తెల్లారి చూస్తే కొత్త నిబ్లర్ గిన్నెలోనే ఉంది. కీలు దగ్గర గోధుమరంగు మరక. పెన్సిలు రబ్బరుతో రుద్దాను. మరక పోయింది కానీ కింద సూదితో పొడిచినట్టు రెండు గుంటలు. రుద్దాక స్టీలు నునుపుగా ఉంటే అది ఒట్టి మరక. గుంట ఉంటే తుప్పు తినేసినట్టే, అక్కడే రేపు బీట వస్తుంది. సెలైన్లో ఉప్పు, నెత్తురులో ఉప్పు. బ్లీచింగ్ నీళ్ళయితే ఇంకా ఘోరం.

మా పద్ధతి ఇది. కేసు నడుస్తుండగానే మూతిలో ఇరుక్కున్న ఎముక ముక్కల్ని స్టెరైల్ వాటర్లో తడిపిన గాజ్ గుడ్డతో తీసేస్తాం. అవ్వగానే చల్లటి నీళ్ళు. వేడినీళ్ళు ముందే పోస్తే నెత్తురు ఉడికి అతుక్కుపోతుంది. తర్వాత ఎంజైమ్ ద్రావణం, కీళ్ళు తెరిచి మెత్తటి బ్రష్షు, మళ్ళీ మంచినీళ్ళు, పూర్తిగా ఆరబెట్టడం. కీలుకి నీళ్ళలో కలిసే ఇన్‌స్ట్రుమెంట్ మిల్క్ అనే కందెన మాత్రమే. ఒకాయన కుట్టుమిషన్ నూనె వేశాడు, ఆ పొర దాటి ఆవిరి లోపలికి పోదని ఆయనకి తెలీదు. ఆవిరితో స్టెరైల్ చేసే ఆటోక్లేవ్‌లో లాకులు బిగించి పెట్టొద్దు, వేడికి కీలు పగిలే అవకాశం ఉంది.

ఊరి పశువైద్యుడు
మనుషుల డాక్టర్ల మధ్య దూరుతున్నందుకు క్షమించాలి. గిగ్లీ గురించి రెండు ముక్కలు. దాన్ని 1894లో ప్రచురించిన లియోనార్డో గిగ్లీ ఇటలీ ప్రసూతి వైద్యుడు, కాన్పు కష్టమైతే కటి ఎముక కోయడానికి తెచ్చాడు. మేం కొమ్ము క్యాన్సర్ వచ్చిన ఎడ్లకి కొమ్ము తీయడానికి అలాంటి తీగనే వాడతాం.

కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటే. రెండు చేతులూ దగ్గరకు తెచ్చి లాగుతారు. తీగ ముడుచుకుని టప్పున తెగుతుంది. చేతులు దూరంగా పెట్టి పొడుగు లాగుళ్ళు లాగాలి, పైన సెలైన్ పోస్తూ ఉండాలి. సిస్టర్ గారూ, ఇక్కడ సెలైన్ మంచిదే! తీగ వేడికి ఎముక చావకుండా. మెలికపడ్డ తీగని తిరిగి వాడకండి, కొత్తది తీయండి.

ఓటీ టెక్నీషియన్
ఆస్టియోటోముకి అంచు రెండువైపులా ఏటవాలు, చిసెల్‌కి ఒకవైపే, వడ్రంగి ఉలి లాగా. ఆస్టియోటోము కొట్టిన దారిన సూటిగా పోతుంది, చిసెల్ చదునైన వైపుకి జారుతుంది. లిస్టులో రెండూ విడిగా రాయండి, లేకపోతే షాపువాడు ఏదో ఒకటి అంటగడతాడు.

సాన గురించి నా తప్పు చెబుతాను. మొద్దుబారిన మూడు ఆస్టియోటోముల్ని కత్తులు సాన పట్టేవాడికిచ్చాను. సాయంత్రానికి అద్దంలా మెరిశాయి, ఒక్క లోపం తప్ప: అంచు పొడుగునా సన్నటి నీలిగీత. గ్రైండరు వేడికి నీలం తిరిగిందంటే గట్టితనం పోయినట్టే. రెండో కేసుకే అంచు మడతపడింది. ఇప్పుడు నూనె సానరాయి మీద చేత్తోనే, ఏటవాలు మార్చకుండా పడతాను. నిబ్లర్లని మాత్రం తెలిసిన సర్వీసుకే పంపుతాను.

సుత్తి దెబ్బలకి ఆస్టియోటోము తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఆ రేకులు గ్లౌజుని చీలుస్తాయి. ఆకురాయితో అప్పుడప్పుడు నునుపు చేయాలి.

కరీంనగర్ ఆర్థో
నిబ్లర్ నమలడానికి అసలు కారణం ఇంకా ఎవరూ అనలేదు. కె-వైర్ (విరిగిన ఎముకను పట్టి ఉంచే స్టీలు తీగ) తెంపే కట్టర్ చేతికి అందకపోతే నిబ్లర్తోనో బోన్ కట్టర్తోనో తీగ తెంపేది మేమే. సర్జన్లమే. ఒక్కసారి చాలు, అంచులో నొక్కు పడుతుంది. నేనూ చేశాను, సిస్టర్ల చేత తిట్లూ తిన్నాను.

థియేటర్ సిస్టర్
ఒప్పుకున్నారు, చాలు సార్ 🙂

ఆర్థో పీజీ, 2వ ఏడాది
అందరికీ థ్యాంక్స్. నిన్న నైట్ డ్యూటీలో కార్డు పరీక్ష పెట్టాను. నాలుగు నిబ్లర్లలో ఒక్కటే కొరికింది. మిగతా మూడింట్లో ఒకదాని అంచున సరిగ్గా తీగ మందాన నొక్కు ఉంది. లిస్టులో తీగ కట్టర్ని మొదటి వరసలోకి ఎక్కించాను, రెండు రాశాను. మా సిస్టర్‌ని సెలైన్ గిన్నె తీసేయమని అడిగితే "ఆ మాట మీ ప్రొఫెసర్ గారికే చెప్పండి, పెట్టించింది ఆయనే" అంది. సోమవారం రౌండ్స్ తర్వాత అడుగుతాను.