హోమ్‌కి వేరే పార్టిషన్ అవసరమా, రూట్ ఒక్కటి చాలదా?

కొబ్బరాకు (పాలకొల్లు):
మా ఫొటో స్టూడియోలో పాత ల్యాప్‌టాప్ ఉందండి, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు అయిపోయింది కదా, మొత్తం తుడిచేసి లినక్స్ మింట్ ఎక్కిద్దామనుకుంటున్నాను. డిస్కుని భాగాలు (పార్టిషన్లు) చేసి, సిస్టమ్ ఉండే రూట్‌కి 30 జీబీ, ర్యామ్ చాలనప్పుడు వాడే స్వాప్‌కి 16, మిగిలిందంతా నా ఫైళ్లుండే హోమ్‌కి అని కాగితం మీద లెక్క రాసుకున్నాను. మా బావమరిదేమో "అవన్నీ పాతకాలం లెక్కలు బావా, ఒక్కటే పెట్టెయ్" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

లాకులగట్టు:
హోమ్ విడిగానే పెట్టండి, రెండో ఆలోచన వద్దు. నేను మూడేళ్లలో రెండు డిస్ట్రోలు (లినక్స్ రకాలు) మార్చాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హోమ్ పార్టిషన్‌కి మౌంట్ పాయింట్ (/home అనే చోటు) ఇచ్చి ఫార్మాట్ టిక్కు మాత్రం తీసేస్తే చాలు, ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉంటాయి, బ్రౌజర్‌లో బుక్‌మార్కులతో సహా.

చెరువుమీద (భీమవరం):
ఆ 30 జీబీ రూట్ నేనూ పెట్టానండి, అందుకే చెబుతున్నా. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు (కావాల్సినవన్నీ తమతోనే తెచ్చుకునేవి) మామూలుగా వేస్తే వార్ (/var) ఫోల్డర్‌లోకి, అంటే రూట్‌లోకే పోతాయి. సిస్టమ్‌ని పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్లు కూడా అక్కడే పెట్టుకున్నాను. ఓ రాత్రి పాస్‌వర్డ్ కొడితే స్క్రీన్ నల్లబడి మళ్లీ పాస్‌వర్డే అడుగుతోంది, ఎన్నిసార్లు కొట్టినా అంతే. టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్లి ఖాళీ జాగా చూపే డీఎఫ్ కమాండ్ కొడితే రూట్ 100 శాతం, హోమ్ 22 శాతం! పక్క మడిలో నీళ్లు నిలబడి ఉన్నాయి, నా మడి ఎండిపోతోంది. హోమ్ ముందు భాగం కోసి రూట్‌కి కలపాలంటే డేటా అంతా కదపాలి కదా, పెన్‌డ్రైవ్ నుంచి పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ పెట్టుకుని, బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ ముందు కరెంటు పోకూడదని తెల్లారేదాకా కూర్చున్నాను.

లాకులగట్టు:
అది కొలత తప్పు గానీ గట్టు తప్పా తమ్ముడూ? ఇప్పుడు 30 ఎవరు పెడతారు, 70 పెట్టాలి. ఇక సైజు మార్చడమంటారా, వేసవిలో కాలువలు కట్టేస్తేనే కదా పూడిక తీసేది, ఈఎక్స్‌టీ4 (మామూలు లినక్స్ ఫైల్ సిస్టమ్) కుదించాలన్నా అన్‌మౌంట్ చేయాల్సిందే, అంటే వాడకం ఆపాల్సిందే.

చెరువుమీద:
కొలత ముందే తెలిస్తే గొడవేముందండీ. తాత వరి వేసిన చేలో ఇప్పుడు మనం చేపలు పెంచుతున్నాం. రెండేళ్ల తర్వాత రూట్‌కి ఎంత కావాలో నాకేం తెలుసు?

పాతసర్వర్ (రాజమండ్రి):
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఈఎక్స్‌టీ4 బదులు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెడితే మింట్ ఇన్‌స్టాలరే రూట్‌కీ హోమ్‌కీ వేర్వేరు సబ్‌వాల్యూమ్‌లు (ఒకే పార్టిషన్‌లోని విడి భాగాలు) చేస్తుంది, ఖాళీ జాగా మాత్రం ఉమ్మడిది. హద్దు రాయి ఉంటుంది, గట్టు ఉండదు. ఫెడోరా వర్క్‌స్టేషన్ అనే డిస్ట్రోలో 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచీ ఇదే డిఫాల్ట్. కాకపోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పార్టిషన్ ఫార్మాట్ చేశారో, రెండూ కలిసే పోతాయి.

స్వాప్‌కి 16 ఎందుకండీ? హైబర్నేట్ (ర్యామ్‌లోది డిస్కులో దాచి ఆపేయడం) వాడితే ర్యామ్‌కి తగ్గ స్వాప్ కావాలి, లేకపోతే స్వాప్ ఫైల్ చాలు. మింట్‌కి మూలమైన ఉబుంటు 17.04 వెర్షన్ నుంచే ఫైల్‌కి మారింది, తర్వాత ఎప్పుడైనా పెంచుకోవచ్చు. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి 512 ఎంబీ ఇవ్వండి. ఇంకో మాట, హోమ్ విడిగా ఉన్నా అదే ఎస్‌ఎస్‌డీ మీద ఉంది, అది పోతే రెండూ పోతాయి. స్టూడియో అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఫొటోలు ఇంకెక్కడైనా ఉన్నాయా?

కొబ్బరాకు:
లేవండి. మీరు అడిగాక గుండె దడదడలాడింది. 140 జీబీ పెళ్లి ఫొటోలు ఈ ఒక్కదాంట్లోనే ఉన్నాయి. రెండు బయటి డిస్కులు తెప్పిస్తున్నాను, కాపీ అయ్యాకే ఏదైనా. స్వాప్ 16 కొట్టేశాను, ఫైలే పెడతాను. రూట్ 70, మిగతాది హోమ్, మామూలు ఈఎక్స్‌టీ4తోనే. చెరువు గారూ, మీ మాట కాదన్నానని అనుకోకండి, నాకు డిస్ట్రోలు మార్చే పిచ్చి ఉంది.

చెరువుమీద:
ఆయ్, మీ ఇష్టం. టైమ్‌షిఫ్ట్‌ని మాత్రం ఆ బయటి డిస్కులోకి మళ్లించండి, రూట్‌లో వద్దు.