సమస్యాపూరణం: బుడుత మరుభూమి నంతయుఁ బొంగి తినియె

నిర్వహణ (విజయనగరం):
ఈసారి సమస్య తేటగీతి పద్యానికి చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

బుడుత మరుభూమి నంతయుఁ బొంగి తినియె

దీని వెనక ఇంగ్లీషులో పెద్దవాళ్లు కూడా తడబడే జంట ఒకటుంది. ఒక ఎస్‌తో రాస్తే డెజర్ట్, అంటే ఎడారి, మన పాదంలోని మరుభూమి. రెండు ఎస్‌లతో రాస్తే డిజర్ట్, అంటే భోజనం చివర వడ్డించే తీపి. గురజాడ అప్పారావు గారు మన మహారాజా కళాశాలలో ఇంగ్లీషు వ్యాకరణం కూడా బోధించారు. ఆయన పాఠం చెప్పిన ఊళ్లో ఈ మెలిక పద్యంలోకి రావడం నాకు సంతోషం. జంటపదాన్నే వాడాలని నియమం లేదు గానీ గణాలు (పాదంలో గురులఘువుల కూర్పు), యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) తప్పకూడదు.

చంపావతి:
పెండ్లి విందునఁ దీపుల పేరు వ్రాయ
నొక్క యెస్సును వదలిరి యుత్సుకతను;
బోర్డుపై మరుభూమియై పొలిచెఁ దీపి;
బుడుత మరుభూమి నంతయుఁ బొంగి తినియె.

నిర్వహణ:
అమ్మా, మూడో పాదం చాలా బాగుంది. బోర్డు మీద తీపి మరుభూమిగా మెరవడంతో సమస్య విడిపోయింది. రెండో పాదంలో 'ఉత్సుకతను' మాత్రం యతి కోసమే వచ్చింది. ఉత్సుకత ఉన్నవాడు ఆసక్తిగా చూస్తాడు, అక్షరం వదిలేది హడావిడిలో ఉన్నవాడు. 'వదలిరి యురుకులందు' అంటే గణాలూ సరిపోతాయి, ఒకారానికి ఉకారంతో మైత్రీ నిలుస్తుంది.

చంపావతి:
మారుస్తానండి. పెళ్లివారి ఉరుకులు ఇప్పుడు కనిపిస్తున్నాయి.

వంశధార (శ్రీకాకుళం):
నాకు ఇంగ్లీషు మెలిక అక్కర్లేదనిపించింది.

ఒంటె బొమ్మయు నిసుకయు నొప్పు కేకు
పుట్టినదినంబునకుఁ దండ్రి పొసగఁ దెచ్చె;
దిబ్బలన్నియుఁ జాక్లెట్టు తీపి గాన
బుడుత మరుభూమి నంతయుఁ బొంగి తినియె.

నాగావళి:
దిబ్బలన్నీ చాక్లెట్టు కావడం భలేగా ఉందండి. 'పొసగ' ఒక్కటే ఖాళీ మాట. 'పుట్టినదినంబునకుఁ దెచ్చెఁ బురమునుండి' అంటే ఏటంటారు? తెచ్చింది తండ్రేనని వేరే చెప్పక్కర్లేదు, పల్లెలో ఇంటికి టౌను నుంచి కేకు వస్తున్న సంబరం కూడా తెలుస్తుంది.

వంశధార:
ఒప్పుకున్నాను.

నాగావళి:
నా పూరణ ఇది. బడిలో పిల్లలకు ఈ జంట చెప్పేటప్పుడు మన భీమాళి మామిడి తాండ్రనే వాడతాను. తీపి రెండోసారి అడుగుతాం, అందుకే రెండు ఎస్‌లు. ఎడారిని రెండోసారి ఎవరూ అడగరు.

తీపి భీమాళి తాండ్రకుఁ దిరిగి చేయి
చాఁచు వానికి రెండెస్సు సాక్షి యగును;
ఒంటి యెస్సుతో వ్రాసిన యుత్తరమున
బుడుత మరుభూమి నంతయుఁ బొంగి తినియె.

నిర్వహణ:
ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. ఎడారిని తిన్నది పిల్లవాడు కాదు, వాడు రాసిన జవాబు తిన్నది. ఒక్క దిద్దుబాటు చాలు. 'రెండెస్సు' ఏకవచనంలా వినిపిస్తోంది. 'చాఁచు వానికి నెస్సులు సాక్షి రెండు' అంటే బహువచనమూ వస్తుంది, చా, సా యతి కూడా అలాగే ఉంటుంది.

చంపావతి:
మాస్టారూ, మా గుంటడు ఒక సందేహం అడిగాడు. సైనికుడు దళాన్ని విడిచి పారిపోయాడు అనడానికి కూడా ఇదే మాట వాడతారట కదా, అప్పుడు ఎన్ని ఎస్‌లు?

నిర్వహణ:
మంచి ప్రశ్న, అసలు చిక్కు అక్కడే ఉంది. విడిచిపోవడం అనే క్రియకు ఒకే ఎస్. పలకడం మాత్రం తీపి లాగే, ఊనిక రెండో భాగం మీద పడుతుంది. ఎడారికి ఊనిక మొదటి భాగం మీద. కాబట్టి చెవిని నమ్మితే పారిపోయిన సైనికుడికి రెండు ఎస్‌లు పెట్టేస్తాం. అర్థాన్ని పట్టుకోవాలి. ఎడారి అంటే జనం విడిచిన నేల, లాటిన్‌లో దాని మూలానికి అర్థం అదే. విడవడమూ విడిచిన చోటూ ఒక కుటుంబం, రెంటికీ ఒకే ఎస్. తీపి వేరే కుటుంబం. భోజనమయ్యాక బల్ల మీది గిన్నెలు తీసేయడాన్ని చెప్పే ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది, గిన్నెలు తీశాక వడ్డించేదే తీపి.

నాగావళి:
ఇంకొకటి చేర్చండి. చేసినదానికి తగిన ఫలితం దక్కింది అనే అర్థంలో జస్ట్ డిజర్ట్స్ అంటారు. అది తీపి లాగే పలుకుతుంది, కానీ మధ్యలో ఒకే ఎస్. అర్హత అనే అర్థమున్న డిజర్వ్ దానికి బంధువు. చదువుకున్నవాళ్లు కూడా అక్కడ రెండు ఎస్‌లు రాస్తుంటారు.

వంశధార:
ఇది విన్నాక నా కేకు పద్యం పక్కన పెట్టి మెలికతోనే ఇంకొకటి రాయాలని ఉంది. రేపటిదాకా గడువిస్తారా?

నిర్వహణ:
తప్పకుండా ఇస్తాను, రాయండి. మిగతావారికి వచ్చే సమస్య కూడా తేటగీతి పాదమే. ఇదీ ఒక ఇంగ్లీషు జంట మీద కట్టినదే, ఏదో మీరే కనిపెట్టాలి.

కుర్చిపై నుండి సూత్రంబు కోపగించె