డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ 100% చూపిస్తోంది, ఫైళ్ల సైజులు చెప్పే డీయూతో కూడితే 38 జీబీయే. మిగతా స్పేస్ ఎక్కడుంది?

నెల్లూరు_అడ్మిన్:
అందరికీ నమస్కారం. రెడ్‌హ్యాట్ 8 లినక్స్ సర్వర్, జావా అప్లికేషన్లు నడిపే టామ్‌క్యాట్ మీద పేరోల్ అప్లికేషన్ నడుస్తోంది. రూట్ పార్టిషన్ 100 జీబీ, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్. పొద్దున్నుంచి అలర్ట్‌లు ఆగకుండా వస్తున్నాయి. డీఎఫ్ కొడితే 100%. డీయూకి ఎక్స్ ఆప్షన్ (వేరే మౌంట్‌లలోకి వెళ్లకుండా) ఇచ్చి రూట్ నుంచి మొత్తం కూడిస్తే 38 జీబీ దాటడం లేదు. నైట్ షిఫ్ట్ వాళ్లు హ్యాండోవర్‌లో "పాత లాగ్స్ క్లియర్ చేశాం" అని రాశారు. అయినా ఒక్క శాతం కూడా తగ్గలేదు. నెలాఖరు కదా, సాయంత్రం దాకా అప్లికేషన్ రీస్టార్ట్‌కి పర్మిషన్ లేదు. ముందు ఏం చూడమంటారు?

రూట్_వైజాగ్:
ఆ హ్యాండోవర్ లైన్ దగ్గరే మొదలుపెట్టండి బ్రదర్. డీయూ డైరెక్టరీలన్నీ తిరిగి, కంటికి కనపడిన ఫైళ్లనే కూడుతుంది. డీఎఫ్ మాత్రం ఎన్ని బ్లాకులు వాడకంలో ఉన్నాయో ఫైల్‌సిస్టమ్‌నే అడుగుతుంది. ఫైల్ తీసేసే ఆర్‌ఎం కమాండ్ కొడితే పోయేది పేరు ఒక్కటే. ఏదైనా ప్రాసెస్ ఆ ఫైల్‌ని ఇంకా తెరిచి పెట్టుకుని ఉంటే, అది మూసేదాకా కెర్నల్ ఆ బ్లాకుల్ని వదలదు.

తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి ప్లస్ క్యాపిటల్ ఎల్ 1 ఇచ్చి కొట్టండి. పేరు పోయినా తెరిచే ఉన్న ఫైళ్లన్నీ వస్తాయి. సూడోతో (రూట్ అధికారంతో) కొట్టాలి, లేకపోతే మీ యూజర్ ప్రాసెస్‌లు తప్ప ఏమీ కనపడవు, "ఏం లేదు" అనుకుని వదిలేస్తారు. ఆ టూల్ ఇన్‌స్టాల్ అయి లేకపోతే /ప్రొక్ కింద ప్రతి పీఐడీ (ప్రాసెస్ నంబర్) లోపల, అది తెరిచిన ఫైళ్లు చూపే ఎఫ్‌డీ ఫోల్డర్‌లో "డిలీటెడ్" అన్న మాట వెతకండి. ఎలాగూ చూస్తున్నారు కాబట్టి డీఎఫ్‌కి ఐ ఆప్షన్ ఇచ్చి ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) కూడా చూసేయండి.

నెల్లూరు_అడ్మిన్:
దొరికింది! జావా ప్రాసెస్. ఎఫ్‌డీ 1, 2 రెండూ టామ్‌క్యాట్ లాగ్ ఫైల్ క్యాటలీనా.అవుట్‌నే చూపిస్తున్నాయి, చివర్లో డిలీటెడ్ అని ఉంది, సైజు 41 జీబీ. ఐనోడ్‌లు 3% మాత్రమే. ఇప్పుడు టామ్‌క్యాట్ ఆపకుండా ఈ 41 జీబీ వదిలించుకోవడం కుదురుతుందా?

రూట్_వైజాగ్:
కుదురుతుంది. పేరు లేకపోయినా ఆ ఫైల్‌కి దారి ఉంది: /ప్రొక్/పీఐడీ/ఎఫ్‌డీ/1. ఫైల్‌ని కత్తిరించే ట్రంకేట్ కమాండ్‌కి సైజు సున్నా ఇచ్చి ఆ దారి చూపించండి, బ్లాకులు అక్కడికక్కడే ఖాళీ అవుతాయి. పీఐడీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. ఆ లాగ్‌లో ఆడిట్ వాళ్లకి కావలసినది ఏమైనా ఉంటే ముందే అదే దారి నుంచి వేరే డిస్క్‌కి కాపీ చేసుకోవచ్చు.

పాతకాపు:
పైన చెప్పింది సరైన పద్ధతి, రెండు మాటలు కలుపుతాను. మొదటిది, ట్రంకేట్ చేశాక కూడా అది పేరు లేని ఫైలే. టామ్‌క్యాట్ రాస్తూనే ఉంటుంది, మీరు /వార్/లాగ్ ఫోల్డర్ ఎంత తిరగేసినా కనపడదు, మళ్లీ పెరుగుతుంది. కాబట్టి సాయంత్రం రీస్టార్ట్ మానుకోవద్దు. రెండోది, ట్రంకేట్ టామ్‌క్యాట్ విషయంలో బాగా పనిచేయడానికి కారణం ఉంది. టామ్‌క్యాట్‌ని మొదలుపెట్టే క్యాటలీనా.ఎస్‌హెచ్ స్క్రిప్ట్ ఆ ఫైల్‌ని అపెండ్ మోడ్‌లో (ఎప్పుడూ చివరనే రాసేలా) తెరుస్తుంది, అందుకే సున్నా చేయగానే రాయడం సున్నా నుంచే మొదలవుతుంది. అపెండ్ లేకుండా తెరిచిన ప్రోగ్రాం అయితే తన పాత ఆఫ్‌సెట్ (ఫైల్‌లో తాను ఆగిన చోటు) దగ్గరే రాస్తూ పోతుంది. అప్పుడు ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ 41 జీబీ అంటుంది, డీయూ కొన్ని ఎంబీలే అంటుంది. మధ్యలో అంతా బోలుగా ఉంటుంది. అది చూసి కంగారు పడేవాళ్లు చాలామంది.

నెల్లూరు_అడ్మిన్:
చేశాను. 100 నుంచి 59%కి దిగింది, పేరోల్ ఆగలేదు. చాలా థ్యాంక్స్ అన్నా. కానీ లెక్క ఇంకా కుదరట్లేదు. డీయూ 38, డీఎఫ్ 59. ఎల్‌ఎస్‌ఓఎఫ్ మళ్లీ కొట్టాను, పెద్ద ఫైల్ ఏదీ లేదు. ఈ 21 జీబీ ఏమిటి?

పాతకాపు:
సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్‌లు (ఫోల్డర్‌గా తగిలించిన నెట్‌వర్క్ స్టోరేజ్) ఏమున్నాయి? ఒక డైరెక్టరీ మీద మౌంట్ ఎక్కితే దాని అడుగున ముందే ఉన్న ఫైళ్లు కనపడవు, డీయూ కూడా వాటిని చేరలేదు. అన్‌మౌంట్ చేయక్కర్లేదు. రూట్‌ని /ఎంఎన్‌టీ మీదకి బైండ్ మౌంట్ చేసి (అదే డైరెక్టరీని ఇంకో చోట కూడా కనపడేలా చేసి) అక్కడ డీయూ కొట్టండి. బైండ్‌లో సబ్ మౌంట్‌లు వెంట రావు, అడుగున ఉన్నదంతా బయటపడుతుంది.

నెల్లూరు_అడ్మిన్:
కరెక్ట్! /ఎంఎన్‌టీ/బ్యాకప్‌లో డంప్ ఫైళ్లు, దాదాపు 20 జీబీ. తేదీలు చూస్తే ప్యాచింగ్ రీబూట్ తర్వాతి రాత్రులవి. అంటే రీబూట్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్కలేదు, క్రాన్‌లో (టైముకి పనులు నడిపేది) ఉన్న బ్యాకప్ స్క్రిప్ట్ మామూలు ఫోల్డర్ అనుకుని రూట్ డిస్క్ మీదే రాసింది. తర్వాత ఎవరో మౌంట్ చేశారు, ఇవి అడుగున పడిపోయాయి. స్టోరేజ్‌లో ఆ తేదీల డంప్‌లు లేవు, కాబట్టి తీసేయకుండా అక్కడికి తరలిస్తున్నాను.

పాతకాపు:
తరలించడమే మంచిది, ఆ తేదీలకు ఉన్న ఒకే బ్యాకప్ అదే. పని అయ్యాక, బైండ్ ఇంకా ఉండగానే, ఆ ఖాళీ ఫోల్డర్‌కి చాటర్ ప్లస్ ఐ (మార్పులకి తాళం వేసే గుర్తు) పెట్టేయండి. అప్పుడు ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్కకపోతే రూట్ యూజర్ కూడా అందులో రాయలేడు, స్క్రిప్ట్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. మౌంట్ అవడానికి అది అడ్డురాదు. స్క్రిప్ట్ మొదట్లో మౌంట్ అయిందా లేదా అని మౌంట్‌పాయింట్ కమాండ్‌తో ఒక చెక్ కూడా పెట్టండి. బ్యాకప్ ఫెయిలైందని అదే రాత్రి మెయిల్ రావడం, పనికొచ్చే చోట లేదని తర్వాతెప్పుడో తెలియడం కన్నా వెయ్యి రెట్లు నయం.

ఓరుగల్లు_డీబీఏ:
మంచి చర్చ నడుస్తుంది. డేటాబేస్ సర్వర్లున్నోళ్లు ఒక్కటి మాత్రం మనసుల పెట్టుకోండ్రి. డిస్క్ నిండిందని లాగ్ లెక్క కనపడ్డ ఫైలల్లా తీసెయ్యొద్దు. పోస్ట్‌గ్రెస్‌ల పీజీ వాల్ ఫోల్డర్ (డేటాబేస్ మార్పుల చిట్టా ఉండే చోటు) అస్సలు ముట్టద్దు, అవి పోతే డేటాబేస్ మళ్ల లేవకపోవచ్చు. 10వ వెర్షన్ రాకముందు దాని పేరు పీజీ ఎక్స్‌లాగ్ ఉండె. మామూలు లాగ్ అనుకుని జనం తీసేస్తున్నరనే పేరు మార్చిన్రు. అది పెరుగుతుందంటే ముందుగాల రెప్లికేషన్ స్లాట్లు (నకలు సర్వర్ కోసం వాల్‌ను పట్టి ఉంచేవి) చూడండ్రి. స్టాండ్‌బై (ఆ నకలు సర్వర్) తీసేసి స్లాట్ అట్లనే వదిలేస్తే వాల్ ఎన్నటికీ ఖాళీ కాదు. 13వ వెర్షన్ నుంచి మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ అని పరిమితి పెట్టొచ్చు.

ఒరాకిల్‌ల ఓఆర్‌ఏ 00257 ఎర్రర్ వస్తే ఆర్కైవ్ లాగ్‌లు (దాచిపెట్టిన మార్పుల లాగ్‌లు) ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్ నుంచే తీయాలె, అది కూడ బ్యాకప్ అయినంకనే. ఓఎస్‌ల చేత్తో తీస్తే ఒరాకిల్‌కు ఆ సంగతి తెల్వది, ఆర్‌మ్యాన్‌ల క్రాస్‌చెక్ కొట్టి, లేవని తేలినవాటిని డిలీట్ ఎక్స్‌పైర్డ్‌తో తీసేదాక రికవరీ ఏరియా నిండే ఉందనుకుంటది. మైఎస్‌క్యూఎల్ 8ల బిన్‌లాగ్ (మార్పుల లాగ్) డిఫాల్ట్‌గనే ఆన్ ఉంటది, 30 రోజులు ఉంచుతది. దానికి పర్జ్ కమాండ్ ఉంది, అదే వాడండ్రి.

గుంటూరు_డాకర్:
కంటైనర్లు నడిపేవాళ్లకి నాదొకటి. డాకర్ డిఫాల్ట్ జేసన్ ఫైల్ లాగింగ్‌కి సైజు పరిమితి లేదు. అప్లికేషన్ డీబగ్ మోడ్‌లో ఉంటే /వార్/లిబ్/డాకర్ ఊరికే నిండిపోతుంది. డాకర్ సెట్టింగుల ఫైల్ డెమన్.జేసన్‌లో మ్యాక్స్ సైజ్, మ్యాక్స్ ఫైల్ రెండూ ఇవ్వాలి. అవి ఆ తర్వాత కొత్తగా తయారైన కంటైనర్లకే పడతాయి. పాత కంటైనర్‌ని రీస్టార్ట్ చేస్తే చాలదు, తీసేసి మళ్లీ సృష్టించాలి. మా టీమ్‌లో "సెట్టింగ్ పెట్టాం కదా, ఇంకా ఎందుకు పెరుగుతోంది" అని తల పట్టుకున్నది ఇక్కడే.

సీమ_సిస్‌అడ్మిన్:
నాకు ఎదురైంది ఇంకో రకం. డీఎఫ్‌లో సగం ఖాళీ, అయినా ఏ ఫైల్ చేయబోయినా "నో స్పేస్ లెఫ్ట్". పైన రూట్_వైజాగ్ చూడమన్న ఐనోడ్‌లే. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో ఫార్మాట్ చేసిన రోజే ఐనోడ్‌ల సంఖ్య ఖరారైపోతుంది, మామూలుగా ప్రతి 16 కేబీకి ఒకటి. మా మెయిల్ క్యూలో క్రాన్ పంపిన చిన్న చిన్న మెయిల్‌లు లక్షల్లో పేరుకున్నాయి. ఆర్‌ఎం స్టార్ కొడితే "ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్" అంటుంది. ఫైండ్‌కి డిలీట్ ఆప్షన్ ఇచ్చి తీశాం.

డీఎఫ్‌లో యూజ్డ్, సైజు కన్నా తక్కువే ఉండి అవైలబుల్ సున్నా చూపిస్తే అది కూడా ఈఎక్స్‌టీ4 సంగతే. 5% రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది, 1 టీబీ డిస్క్‌లో 50 జీబీ. డేటా మాత్రమే ఉండే డిస్క్ అయితే ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో 1%కి దించుకోవచ్చు. ఓఎస్ ఉన్న డిస్క్‌లో మాత్రం ఆ 5% వదిలేయండి, నిండిపోయిన రోజు లాగిన్ అయి సరిచేయడానికి అదే పనికొస్తుంది.

నెల్లూరు_అడ్మిన్:
అప్‌డేట్. పేరోల్ పూర్తయ్యాక టామ్‌క్యాట్ రీస్టార్ట్ చేశాం. డంప్‌లు స్టోరేజ్‌కి చేరాయి, చెక్‌సమ్‌లు కలిశాయి. డీఎఫ్ ఇప్పుడు 39%, డీయూతో తేడా 1 జీబీ లోపే. క్యాటలీనా.అవుట్‌కి లాగ్‌రొటేట్ (పాత లాగ్‌లు పక్కకి తీసే టూల్) పెడుతున్నాను. కాపీట్రంకేట్ (కాపీ తీసి అసలు ఫైల్‌ని సున్నా చేసేది) వాడమంటారా, ప్రాసెస్‌కి సిగ్నల్ పంపే పద్ధతా?

రూట్_వైజాగ్:
వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్‌కి యూఎస్‌ఆర్1 సిగ్నల్, సిస్టమ్ లాగ్‌లు రాసే ఆర్‌సిస్‌లాగ్‌కి హప్ సిగ్నల్ పంపితే ఫైల్ మూసి కొత్తది తెరుచుకుంటాయి, వాటికి సిగ్నలే పెట్టాలి. క్యాటలీనా.అవుట్‌కి ఆ సౌకర్యం లేదు, కాపీట్రంకేట్ పెట్టండి. కాపీకీ ట్రంకేట్‌కీ మధ్య వచ్చిన లైన్లు పోయే అవకాశం ఉంది. కాబట్టి పేరోల్ లావాదేవీల లాగ్ దేనికైనా ఆడిట్ అవసరం ఉంటే దాన్ని క్యాటలీనా.అవుట్‌లోకి కాకుండా లాగ్4జే (జావా లాగింగ్ లైబ్రరీ) నుంచి విడి ఫైల్‌లోకి మళ్లించమని డెవలపర్లకి చెప్పండి. అలాగే లాగ్‌రొటేట్‌లో మ్యాక్స్‌సైజ్ ఇవ్వండి, దాన్ని గంటకోసారి నడపండి. రోజుకోసారి నడిస్తే ఆ పరిమితి కూడా రోజుకోసారే చూస్తుంది.