ఖాళీ పికప్ మలుపుల్లో గెంతుతోంది: షాక్ అబ్జార్బర్లు మారిస్తే సరిపోతుందా, కమాన్ కట్టలూ మార్చాలా?

మట్టిదారి:
నా పికప్‌కి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. 90,000 కిలోమీటర్లు తిరిగింది, షాక్‌లు కొన్నప్పటివే. గతుకులున్న మలుపు తిరుగుతుంటే వెనక భాగం పక్కకి గెంతుతోంది. నెలకి రెండు మూడుసార్లు 500 కిలోల దాకా లోడు వేస్తాను, మిగతా రోజులు ఖాళీయే. కట్టలో ఇంకో పట్టీ వేసి, బండిని రెండంగుళాలు ఎత్తి, సెట్టంతా మార్చేయమని షాపువాళ్ల సలహా. ఏం చేయమంటారు?

బరువుబండి:
మార్చేయండి. పట్టీ వేయించాక నా బండి లోడుతో కుంగడం మానేసింది, మలుపులో ఒరగడమూ తగ్గింది. ఉత్త షాక్‌లు మారిస్తే సగం పనే.

గ్రీజుచేతులు:
అన్నా, మీ బండి రోజూ లోడుతో తిరుగుతుంది, ఈయనది ఖాళీగా తిరుగుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. బరువు మోసేది స్ప్రింగు, దాని ఊపుని అణిచేది షాక్. కట్టలు నిండు లోడుకి తగ్గట్టు గట్టిగా చేసినవి కాబట్టే ఖాళీ బండి గెంతుతుంది. దానికి ఇంకో పట్టీ తోడైతే టైరు ఇంకాస్త సేపు గాల్లోనే ఉంటుంది. గాల్లో ఉన్న టైరుకి పట్టు ఎక్కడిది?

ఎత్తడం గురించి కూడా. గురుత్వ కేంద్రం పైకి పోతుంది, అంటే ఒరగడం పెరుగుతుంది. అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. ఇంకోటి ఎవరూ చెప్పరు: కొన్ని పికప్‌లలో వెనక బ్రేకుకి లోడు చూసే వాల్వు ఉంటుంది, దాని కడ్డీ ఇరుసుకి కలిసి ఉంటుంది. వెనక ఎత్తితే, లోడున్నా బండి ఖాళీ అనుకుని అది వెనక బ్రేకు బలం తగ్గించేస్తుంది. పట్టీ వేసినంత మాత్రాన బండి మోయగల బరువూ పెరగదు. ఇరుసు, బ్రేకులు పాతవే కదా.

బరువుబండి:
వాల్వు కడ్డీని సర్దుకోవచ్చు, అదో పెద్ద విషయం కాదు. కానీ ఒకటి ఒప్పుకోండి: బండి ఎంత ఒరుగుతుందన్నది స్ప్రింగులు, యాంటీరోల్ బార్ (రెండువైపుల చక్రాలనీ కలిపి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) తేలుస్తాయి. షాక్ ఆ ఒరిగే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే.

గ్రీజుచేతులు:
ఒప్పుకున్నా. కానీ ఆయన అడిగింది ఒరగడం గురించి కాదు, గెంతడం గురించి. పైగా ఖాళీ బండికి వెనక గట్టి బార్ వేస్తే తడి రోడ్డు మీద వెనక జారిపోతుంది. నేనైతే చచ్చినా వేయను.

నాలుగోచక్రం:
ఇద్దరూ టైర్ల ఊసే ఎత్తలేదు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ చూడండి. చాలా పికప్‌లకి వెనక టైర్ల గాలి ఖాళీకి ఒకటి, లోడుకి ఒకటి రాసి ఉంటుంది. కట్టల చివర ఉండే రబ్బరు బుష్‌లు కూడా చూడండి. అవి అరిగితే ఇరుసు అటూఇటూ కదిలి వెనక చక్రాలే స్టీరింగు తిప్పినట్టు ఉంటుంది.

మట్టిదారి:
సిగ్గుగా ఉంది. ఎప్పుడూ నిండు లోడు గాలితోనే తిప్పుతున్నాను. తగ్గించి చూస్తే గెంతడం సగానికి తగ్గింది. కుడివైపు బుష్ పగిలి ఉంది. బుష్‌లు, నాలుగు షాక్‌లు మారుస్తున్నాను, పట్టీ వద్దన్నాను. షాక్‌లు మోనోట్యూబా (ఒకే గొట్టం), ట్విన్‌ట్యూబా (గొట్టంలో గొట్టం)?

గ్రీజుచేతులు:
వేడి తట్టుకోవడంలో మోనోట్యూబ్ మేలు. కాకపోతే రాయి తగిలి గొట్టం సొట్టపడితే లోపలి పిస్టన్ పట్టేస్తుంది. మీ పేరే మట్టిదారి కదా, ట్విన్‌ట్యూబ్ తీసుకోండి.

బరువుబండి:
మట్టిదారి మీద ఎక్కువసేపు పోతే ట్విన్‌ట్యూబ్‌లో నూనె నురగ కట్టి షాక్ చచ్చుబడుతుంది. దీని మీద ఇంకో చర్చ మొదలుపెట్టండి, అక్కడ తేల్చుకుందాం.